టీబీ కాదన్నారు

రెగ్జిన్ తాను విప్పి కొలుస్తున్న కాంతమణి తలెత్తి చూసేసరికి బిక్షం గడప బయట కూర్చుని అన్నం తింటున్నాడు.

మౌలాలి రైల్వే క్వార్టర్ల వెనక సందులో ఉంది ఆమె షాపు. సోఫాలు, హోటల్ కుర్చీలు, కార్ల సీట్లు, దుకాణాల ముందు కట్టే పరదాలు, ఏదైనా సరే, బరువైన కుట్టుపని చేస్తారక్కడ. మధ్యాహ్నం మెషిన్లు ఆపి, కటింగ్ బల్ల మీది ముక్కలు పక్కకు నెట్టి, పాత పేపరు పరుచుకుని అందరూ కలిసి తినడం అలవాటు. కాంతమణి కూడా వాళ్లతోనే తింటుంది. అలాంటిది ఈ రోజు బిక్షం టిఫిన్ డబ్బా మురుగు మోరీ మీది బండ మీద ఉంది. కింద ఒక రెగ్జిన్ ముక్క వేసుకుని, షాపుకు వీపు పెట్టి, రోడ్డు వైపు చూస్తూ తింటున్నాడతను. రెండు ముద్దలు తిని ఆగుతున్నాడు. దగ్గుతున్నాడు. మోకాలి మీద చెయ్యి ఊని ఊపిరి అందేదాకా ఉండి, మళ్లీ ముద్ద కలుపుతున్నాడు.

"బిక్షమన్నా, అక్కడెందుకు కూర్చున్నావు? ఎండ కదా."

"గాలాడతదని అమ్మా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

లోపల మెషిన్ మీద కుట్టే రాజ్యం పచ్చడి డబ్బా మూత తిప్పుతూ కూర్చుంది. చెక్క ఫ్రేములకు గుడ్డ బిగించే ఓంప్రకాశ్ గొంతు సవరించుకున్నాడు.

"నేనే చెప్పిన మేడమ్. ఎండకాలం సంది దగ్గుతనే ఉన్నడు కాకా. మా ఇంట్ల చిన్న పోరలున్నరు. టీబీ ఉంటే అందరికి అంటది."

"టీబీ అని ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాల్నా? ఇంటుంటే తెలుస్తలేదా?"

వాళ్ల మధ్యలోనే కూర్చుని ఉంది ఊర్మిళ, బిక్షం కోడలు. ఫోమ్ ముక్కలకు, చెక్కలకు గమ్ము కొట్టి అతికించడం ఆమె పని. పొద్దున ఇద్దరి డబ్బాలూ ఒకే సంచిలో పెట్టుకుని ఒకే బస్సులో వచ్చారు. ఇప్పుడామె తల దించుకుని అన్నం కలుపుతూనే ఉంది. లేచి మామ దగ్గరికి పోలేదు. ఓంప్రకాశ్ మాటలకన్నా అదే కాంతమణికి ఎక్కువ కష్టంగా తోచింది.

తిన్నాక రాజ్యం వెనక కిటికీ దగ్గరికి పోయి, తుప్పు పట్టిన గొళ్లేన్ని సుత్తితో కొట్టి ఊడదీసింది. ఆ కిటికీ తెరవక చాలా కాలమైంది. అవతలి గోడ పద్మనాభం గారి ఇల్లు. గమ్ము వాసన తమ వంటింట్లోకి వస్తోందని ఆయన పోట్లాడితే అప్పట్లో మూసేశారు. కిటికీ తెరిచాక రాజ్యం చీర కొంగు ముక్కుకు చుట్టుకుంది. ఓంప్రకాశ్ కర్చీఫ్ కట్టుకున్నాడు. ఊర్మిళ కాసేపు అటూ ఇటూ చూసి, చున్నీని ముక్కు మీదికి లాగి మెడ వెనక ముడి వేసుకుంది.

"అందరం దొంగల లెక్క ఉన్నం," అని రాజ్యం నవ్వింది. ఎవరూ నవ్వలేదు.

బిక్షం చెయ్యి కడుక్కుని లోపలికి వచ్చాడు. అందరి మొహాలూ చూసి, చూడనట్టే బల్ల దగ్గరికి పోయాడు. ఏ.ఎస్. రావు నగర్‌లో కొత్తగా తెరుస్తున్న హోటల్‌కి గోడవారగా వేసే పొడుగు సీట్లు చేస్తున్నారు. మంగళవారానికి అందించాలి. బిక్షం ఫోమ్ దిమ్మ మీద సుద్దతో గీత గీసి, కోసే మెషిన్ చేతిలోకి తీసుకున్నాడు. దాని బ్లేడు గీత వెంట వంకర పోకుండా సాగింది. పసుపు రంగు పొడి లేచి అతని మీసాల మీద, మోచేతుల మీద, కనురెప్పల మీద పడింది. అతని మొహానికి మాత్రం ఏ గుడ్డా లేదు. పక్కనే ఊర్మిళ కంప్రెసర్ ఆన్ చేసి గమ్ము చల్లే గన్ పట్టుకుంది. ట్యూబులైటు కింద గమ్ము తుంపర పొగమంచులా కమ్ముకుని, మెల్లగా కిటికీ వైపు కదిలింది.

సాయంత్రం లోపలే పద్మనాభం గారు వచ్చారు.

"ఏందమ్మా, మల్ల షురూ చేసిన్రు? పిల్లలున్న ఇల్లు. తలకాయ నొస్తుంది మాకు."

"నాలుగు రోజులు ఓర్చుకోండి సార్. ఒకతనికి ఒంట్లో బాలేదు," అంది కాంతమణి.

*

మర్నాడు ఆమే బిక్షాన్ని ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. ఎక్స్‌రే తీశారు. పరీక్షకు తెమడ తీసుకున్నారు. స్కానింగ్ రాసి, గురువారం రమ్మన్నారు.

గురువారం చూసిన డాక్టరు వయసులో చిన్నదే. కవర్లోంచి ఫిల్ము తీసి వెలుతురుకు పట్టి, చాలాసేపు చూసింది. తర్వాత బిక్షం చేతులు చూసింది. ఎంత కడిగినా గోళ్ల మొదళ్లలో పసుపు పొడి, వేళ్ల మీద ఎండిన గమ్ము అలాగే ఉన్నాయి.

"ఏం పని చేస్తారు?"

"సోఫాల పని. స్పాంజి కోస్త," అన్నాడు బిక్షం.

"ఎన్నేళ్ల నుంచి?"

"పెండ్లి కాకముందు సంది."

డాక్టరు ఫిల్ము కింద పెట్టింది. "టీబీ కాదు."

"ప్రభువా, స్తోత్రం," అంది కాంతమణి పైకే. బిక్షం మోకాలి మీద తట్టింది కూడా.

డాక్టరు మొహంలో మార్పు లేదు. "సంతోషపడకండమ్మా. టీబీ అయితే మందులిచ్చేదాన్ని, తగ్గేది. ఈయన ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. ఆ దుమ్ము, ఆ గమ్ము వల్లనే అయ్యుంటుంది. పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవాలంతే. ఇంక ఆ గదిలోకి పోవద్దు." ఆగి అడిగింది. "మీరు ఏమవుతారు ఈయనకి?"

"నా షాపులోనే చేస్తాడు."

డాక్టరు ఆమె వైపు పూర్తిగా తిరిగింది. "మిగతావాళ్లు?"

"ఇంకో ముగ్గురు."

"ముక్కుకు ఏమైనా కట్టుకుంటారా?"

"ఇప్పుడు కట్టుకుంటున్నారండి. కిటికీ కూడా తెరిచాం."

"తీయనివ్వకండి. కర్చీఫులు చాలవు, సరైన మాస్కులు కొనండి. గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టించండి. అసలు ఆ గమ్ము స్ప్రే చెయ్యడం మానేస్తే మరీ మంచిది."

బయట వేపచెట్టు కింద సిమెంటు బెంచీ మీద ఊపిరి కోసం కూర్చున్నాడు బిక్షం. కాంతమణి నీళ్ల సీసా ఇచ్చింది. తాగి, మూత బిగిస్తూ అన్నాడు.

"నాదేముందమ్మా. అయిపాయె. ఊర్మిళను గమ్ము కాడికెంచి తియ్యి. దాని పాపకు మూడేండ్లు గూడ నిండలే."

"తీస్తాను. ఈ రోజే అందరికీ చెబుతాను," అంది కాంతమణి. ఆ మాట అంటున్నప్పుడు చెబుతాననే అనుకుంది.

అతన్ని బస్సెక్కించి షాపుకు వచ్చేసరికి మెషిన్లు ఆగాయి. ముగ్గురూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. ఊర్మిళ గన్ పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉంది.

"టీబీ కాదన్నారు," అంది కాంతమణి.

రాజ్యం మొహం మీది కొంగు లాగేసి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఊర్మిళ చున్నీ ముడి విప్పి, దాంతోనే కళ్లు తుడుచుకుంది. "రెండు దినాల సంది నిద్ర లేదు మేడమ్," అంది ఏడుస్తూ, నవ్వుతూ. ఓంప్రకాశ్ సిగ్గుపడ్డాడు. "పాపం కాకాను బయట కూసోబెట్టిన. రేపు వస్తే కాళ్లు మొక్కుత," అన్నాడు. అంటూనే పోయి వెనక కిటికీ మూసి, ఊడిన గొళ్లేనికి బదులు వైరు కట్టాడు. "పొద్దుగాల మల్ల వచ్చి ఒర్లి పోయిండు పద్మనాభం సారు. తక్లీఫ్ ఎందుకు?"

కాంతమణి నోరు తెరిచింది. అప్పుడే ఫోను మోగింది. కొత్త హోటల్ ఓనరు రాఘవేందర్.

"మేడమ్, మంగళవారం పక్కా కదా? బుధవారం ఓపెనింగ్. కార్డులు పంచినం."

"అందిస్తామండి."

ఫోను పెట్టేసరికి రాజ్యం మెషిన్ నడుస్తోంది. ఓంప్రకాశ్ మేకుల గన్ టకటకలాడుతోంది. ఆ చప్పుడు మీద కాంతమణి గొంతు పెంచింది. "డాక్టరమ్మ ఈ దుమ్ము కూడా మంచిది కాదంది. మాస్కులు తెస్తాను, పెట్టుకోండి." అది అబద్ధం కాదు. బిక్షం లోపల ఏమైందో, అది ఎక్కడ అయిందో మాత్రం చెప్పలేదు. మంగళవారం సరుకు పోనీ, అప్పుడు అందరినీ కూర్చోబెట్టి చెబుదాం అనుకుంది.

*

మాస్కులు తెచ్చింది. మంచివే తెచ్చింది. శుక్రవారం పొద్దున అందరూ పెట్టుకున్నారు. టీ వచ్చేసరికి అవి గడ్డాల కిందికి జారాయి. మధ్యాహ్నానికి రాజ్యం మాస్కు మెషిన్ లైటుకి వేలాడుతోంది.

"చెమటకు ఊపిరాడ్తలేదు మేడమ్. దుమ్ము లేని పని యాడుంటది చెప్పండ్రి?"

గట్టిగా చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. కాంతమణి ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసింది. ఎలక్ట్రీషియన్ వచ్చి గోడ చూసి, ఫ్యానుకు కన్నం కొట్టాలంటే షెడ్డు ఓనరు ఒప్పుకోవాలన్నాడు. షెడ్డు ఓనరు ఫోను ఎత్తలేదు.

ఊర్మిళను రాజ్యం పక్కన మెషిన్ మీద కూర్చోబెట్టి చూసింది. అంచుకు వేసే పైపింగు కుట్టమంటే, మోటారు మెషిన్ అలవాటు లేక ఊర్మిళ కాలు పెడల్ మీద పడగానే గుడ్డ ముందుకు దూకేది. రెండు ముక్కలు పాడయ్యాయి. ఇంకోవైపు ఓంప్రకాశ్ అతికించిన సీట్ల కోసం ఖాళీగా నిలబడి ఉన్నాడు. బిక్షం పని కూడా అతనే చేస్తున్నాడిప్పుడు. కోసిన ఫోమ్ గోడవార మనిషెత్తున పేరుకుపోయింది.

"నాకు గమ్మే మంచిగుంటది మేడమ్," అంది ఊర్మిళ లేస్తూ.

"మంగళవారం దాకా," అంది కాంతమణి. ఊర్మిళకు ఆ మాట అర్థం కాలేదు. గన్ అందుకుంది.

ఆదివారం చర్చిలో, బిక్షం కోసం ప్రార్థన చెయ్యమని పాస్టరు గారిని అడుగుదామనుకుంది. ఆయనకి ఏమైందమ్మా అంటే ఏం చెప్పాలో తోచక, అందరితో పాటు లేచి బయటికి వచ్చేసింది.

సోమవారం పదకొండు గంటల వేళ బిక్షం వచ్చాడు. ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదేమో, ఉతికిన చొక్కా వేసుకుని, షటరు దగ్గర ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. లోపలంతా ఒకసారి చూశాడు. మూసిన కిటికీ చూశాడు. లైటుకు వేలాడుతున్న మాస్కు చూశాడు. ఊర్మిళ చెక్క మీదికి వంగి గమ్ము కొడుతోంది. తుంపర ఆమె జుట్టు మీద, రెప్పల మీద పడుతోంది. మొహం మీద ఏమీ లేదు. చివరికి అతని చూపు కాంతమణి మీదికి వచ్చింది. ఆమె తన చేతిలోని కత్తెర వైపు చూపు తిప్పుకుంది.

"కాకా! రా, రా," అని ఓంప్రకాశ్ స్టూలు తుడిచి తెచ్చాడు. అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నన్ను మాఫ్ చెయ్యి. తెల్వక అన్న." రాజ్యం ఫ్లాస్కులోంచి టీ వంచుతోంది.

బిక్షం ఆ చేతిని మెల్లగా తీసేశాడు.

"దూరముండు బిడ్డా. మల్ల రమ్మని ఫోన్ జేసిన్రు దవాఖానకెంచి. ఆ రిపోర్టు నాది కాదంట, వేరేటోనితోని మారిపోయిందంట. నాది టీబీనే అంట."

ఓంప్రకాశ్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఊర్మిళ గన్ ఆపేసింది. కంప్రెసర్ ఒక్కటే గుర్రుమంటోంది.

"గట్టిదంట. గాలిల ఉంటదంట. నేను ఇన్ని దినాలు ఈడ దగ్గిన కద, ఈడనే తిరుగుతుంటదంట. అందరు మూతికి గట్టిగ కట్టుకోండ్రి. కిటికీ తీసిపెట్టుండ్రి," అన్నాడు బిక్షం. ఇంకా ఏదో చెప్పబోయి దగ్గు వచ్చి ఆగిపోయాడు. ఎవరూ అతని దగ్గరికి పోలేదు. రాజ్యం అప్పటికే మాస్కు అందుకుంది. ఓంప్రకాశ్ కిటికీకి కట్టిన వైరును తెంచుతున్నాడు.

కాంతమణి సందు చివర అతన్ని అందుకుంది.

"ఎందుకలా చెప్పావు?"

"నువ్వు చెప్పలే కదమ్మా. నువ్వు చెప్తవనే నేను ఇంట్ల చెప్పలే."

అతని గొంతులో కోపం లేదు. "మంగళవారం అయ్యాక చెబుదామని..." అంది.

"చెప్పినా ఇంటరో ఇనరో," అన్నాడు బిక్షం. "గమ్ముకు ఎవరు భయపడ్తరు? మనిషికైతే భయపడ్తరు. నువ్వు సుత ఏమనకు. కొన్ని దినాలు గట్ల నడవనియ్యి."

క్వార్టర్ల గోడ పట్టుకుని నడిచిపోయాడు. నాలుగడుగులకోసారి గోడకి ఆనుకుని ఆగుతూ, మళ్లీ కదులుతూ. ఆమె వెనక్కి వచ్చింది. షాపులో మాస్కులు ముక్కుల మీద ఉన్నాయి. వెనక నుంచి గాలి వస్తోంది. ఆ పూట పద్మనాభం గారు అరిస్తే ఓంప్రకాశే బయటికి పోయి, టీబీ సార్, మూస్తే మేం చస్తమని జవాబు చెప్పి వచ్చాడు. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకుండా పని సాగిపోతోంది. కాంతమణి చాక్‌పీసు తీసుకుని మిగిలిన రెగ్జిన్ మీద గీతలు గీసింది.

*

మంగళవారం ఊర్మిళ ఆలస్యంగా వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"మా అమ్మొచ్చి పాపను తీస్కపోయింది మేడమ్, జనగామకు. పొద్దుగాల్ల బండికి ఎక్కిచ్చి వస్తున్న." సంచి మేకుకు తగిలించి, మాస్కు తీసి దులిపింది. "రోజు మామ పక్కల్నే పంటది అది. గుంజుకపోతుంటే తాతా, తాతా అని ఒకటే ఏడ్పు. మామ తలుపు గడియ పెట్టుకున్నడు, తియ్యలే. తినే తల్లె సుత వేరే పెట్టిన. ఏం జెయ్యాలె? నాకు మాత్రం మంచిగున్నదా?"

మాస్కు తాడు చెవి వెనక సరిచేసుకుని కంప్రెసర్ వైపు నడిచింది. ఇంకా గమ్ము కొట్టాల్సిన సీట్లు కొన్నే ఉన్నాయి. మధ్యాహ్నానికి అయిపోతాయి. సాయంత్రం బండి వస్తుంది. కాంతమణికి ఇదంతా తెలుసు. స్విచ్చు మీద ఊర్మిళ చెయ్యి పడకముందే అంది.

"మీ మామకి టీబీ లేదు."

ఊర్మిళ తిరిగి చూసింది.

"నిన్న అబద్ధం చెప్పాడు. ఆ రోజు డాక్టరు చెప్పిందే నిజం. టీబీ కాదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. ఇంక బాగుపడవు. ఈ ఫోమ్ దుమ్ము వల్ల, ఈ గమ్ము వల్ల. ఇక్కడే, ఈ షాపులోనే అయింది." ఆమె మాట వణకలేదు. వణికితే బాగుండేదనిపించింది. "నిన్ను గమ్ము దగ్గర్నించి తియ్యమన్నాడు. మీరందరూ ముక్కుకు కట్టుకోవాలని అలా చెప్పాడు."

రాజ్యం పెడల్ మీది కాలు తీసేసింది. మోటారు సన్నగా మూలుగుతూ ఆగిపోయింది.

"మీకెప్పుడు ఎరుక?" అని అడిగింది ఊర్మిళ.

"గురువారం."

ఊర్మిళ తన చేతులు చూసుకుంది. వేళ్ల సందుల్లో పొరలు పొరలుగా ఎండిన గమ్మును గోటితో కొంచెం గీకింది. శుక్రవారం, శనివారం, సోమవారం ఆమె మనసులో నడుస్తున్నట్టు కాంతమణికి తెలుస్తూనే ఉంది.

"మరి పాప మామ కాడ పండుకోవచ్చా?"

"పండుకోవచ్చు. ఎవరికీ అంటదు."

ఊర్మిళ మేకుకు తగిలించిన సంచి తీసుకుంది. చెప్పులు తొడుక్కుంది. "జనగామ పోయి పాపను తెస్తా. మామ పొద్దుగాల సంది ఏం తినలే."

"రేపు వస్తావా?" ఆ మాట తన నోట్లోంచి వచ్చాక కాంతమణికి తల ఎత్తబుద్ధి కాలేదు.

ఊర్మిళ గడప మీద ఆగింది. "రాకుంటే యాడికి పోత మేడమ్? వస్తా. గమ్ము మాత్రం కొట్ట."

ఆమె పోయాక రాజ్యం గుడ్డ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "నేను సుత కొట్ట," అంది ఎటో చూస్తూ. ఓంప్రకాశ్ మేకుల గన్ బల్ల మీద పెట్టి కిటికీ దగ్గరికి పోయి, వీపు తిప్పుకుని నిలబడ్డాడు.

కాంతమణి రాఘవేందర్‌కి ఫోన్ చేసింది.

"ఈ రోజు ఇవ్వలేనండి. గమ్ము కొట్టేవాళ్లు లేరు."

"ఏందీ మేడమ్, గిట్ల పరేషాన్ చేస్తే ఎట్ల? ఒక్క పూట పని అది!" అవతల కాసేపు ఎవరితోనో మాట్లాడాడు. "సరే, బండి పంపుత. అయినయి అయినట్టు, కానియి కానట్టు ఎక్కియ్యండ్రి. లాలాపేటల మావోడు ఒకడున్నడు, పొద్దు మునిగేలోపు వాడు కొట్టిస్తడు."

లాలాపేటలో ఈ పని చేసే షాపు ఒక్కటే, కాంతమణికి తెలుసు. ఒకసారి సూదుల కోసం పోయింది. మెట్ల కింద గది. మొగుడూ పెళ్లామూ చేస్తారు. కిటికీ లేదు.

"సార్, అక్కడ..." అంది. లైను కట్టయింది. మళ్లీ చేస్తే బిజీ వచ్చింది.

బండి రెండింటికల్లా వచ్చింది. ఓంప్రకాశ్, డ్రైవరు కలిసి ఫ్రేములు ఎక్కించారు. రాజ్యం కుట్టిన కవర్లు మడతలు పెట్టి కట్టలు కట్టింది. ఫోమ్ ఎక్కించాక డ్రైవరు లోపలికి తొంగి చూశాడు.

"గమ్ము డబ్బాలు సుత తెమ్మన్నడు సార్. అక్కడ లేదంట."

ఓంప్రకాశ్ డబ్బాల వైపు చూసి, కాంతమణి వైపు చూసి, చేతులు దులుపుకుని పక్కకు జరిగాడు. రాజ్యం లేవలేదు. డ్రైవరు ఇంజను ఆపకుండా హారన్ కొట్టాడు.

కాంతమణి వంగి మొదటి డబ్బా ఎత్తింది. బరువుకి అది మోకాలికి కొట్టుకుంది. దాన్ని బండిలో ఫోమ్ పక్కన పెట్టి, రెండోదాని కోసం లోపలికి వచ్చింది.